ఆరింటికి తెరుచుకోని కాటా

నీలం తెర మీద అంకె ముప్పై దగ్గరికొచ్చి ఆగింది. నిన్నా అక్కడే ఆగింది, అంతకుముందూ అక్కడే. సుహాసిని కుర్చీలో ముందుకు జరిగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా ఊపిరి తీస్తే ఎక్కడ బెదిరిపోతుందో అన్నట్టు దానికేసి చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలయ్యాయి. పది నిమిషాలయ్యాయి. ఆ తర్వాత అంకె మాయమై దాని చోట ఇంగ్లీషులో రెండు వరసలు వచ్చాయి. కొత్త మార్పులు కుదరలేదట. వాటిని వెనక్కి తీస్తోందట. అంతవరకూ కంప్యూటరు ఆపవద్దట.

“ఓలమ్మ, ఎవరాపుతన్నారే నిన్ను!” అంది సుహాసిని తెరతో. “ఆపీదాన్నయితే ఇంత పొద్దున్నే ఎందుకు లెగిసొస్తాను?”

సాలూరులో ఘాటీ వైపు వెళ్ళే రోడ్డు మీద జగన్నాధంగారి లారీ కాటా అది. కిటికీ బయట అప్పటికే మూడు లారీలు వరస కట్టాయి. మొదటిది ఎర్రన్నది. నీలగిరి కర్రల లోడుతో కాటా పలక మీదికెక్కి, ఇంజను ఆపి, దిగొచ్చి కిటికీ ఊచలకి గెడ్డం ఆనించాడు. బల్ల మీద చిన్న పెట్టెలో ఎర్ర అంకెలు లారీ బరువు చూపిస్తూనే ఉన్నాయి. ఆ పెట్టెకి ఏ జబ్బూ లేదు. అయితే బరువు కంటితో చూసుకుంటే సరిపోతుందా? కంప్యూటర్లో లారీ నంబరు కొట్టాలి, చీటీ అచ్చు కావాలి. అచ్చు చీటీ లేకపోతే మిల్లు వాళ్ళు గేటు తియ్యరు. చేత్తో రాసిచ్చే రోజులు ఎప్పుడో పోయాయి.

“ఏటి సెల్లీ, ఇంకా లెగనేదా?” అన్నాడు ఎర్రన్న.

“లెగుస్తన్నాది అన్నా. లెగిసి మళ్ళీ తొంగుంటన్నాది.”

రెండు వారాల కిందటి వరకూ ఈ గోల లేదు. ఆరింటికి మీట నొక్కి, పైడితల్లమ్మ పటానికి అగరొత్తి వెలిగించేలోపు తెర తయారుగా ఉండేది. విజయనగరం నుంచి త్రినాథ్ అనే కంప్యూటర్ల కుర్రవాడు వచ్చాడు. “పాత సిస్టానికి కాలం తీరిపోయిందక్కా, ఇక దాన్ని కంపెనీవోళ్ళు సూడరు” అని చెప్పి, కొత్తది ఎక్కించి, టీ తాగి వెళ్ళిపోయాడు. తెల్లారి నుంచి మొదలైంది. ఒకరోజు నలభై నిమిషాలు, ఒకరోజు గంట. తెరుచుకున్నాక బంగారం లాగా పనిచేస్తుంది, సాయంత్రం దాకా పేచీ లేదు. మళ్ళీ పొద్దున్న అదే కథ. తను ఏం తప్పు చేస్తోందో సుహాసినికి అంతు పట్టడం లేదు. తప్పు తెలిస్తే దిద్దుకుంటుంది మనిషి. తెలియకపోతే ఏం చేస్తుంది?

వెనక ఉన్న రెండు లారీలూ హారన్ కొట్టి, విసుక్కుని, వెనక్కి తిరిగి రామభద్రపురం రోడ్డులో ఉన్న ఇంకో కాటాకి పోయాయి. సరిగ్గా అప్పుడే పక్కింటి గేటు తీసుకుని జగన్నాధంగారు వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఉతికిన తెల్ల చొక్కా, నుదుట బొట్టు. పోతున్న లారీల వెనక బల్లలు కనబడినంత మేరా చూశారు.

“బోణీ బళ్ళు పోనాయి” అన్నారు.

“ముప్పై దగ్గర ఆగిపోతన్నాది బాబుగారూ. నానేటి సేసినా…”

“పదకొండేళ్ళయి కూకుంటన్నావు. సేతులు నెమ్మదించేసినట్టున్నాయి.”

“నా సేతులేటి బాబుగారూ? మిషనీ కదా…”

“మిషనీకేటి తెలుస్తాది? కూకున్నోళ్ళని బట్టే అదీను.” ఆయన గొంతులో కోపం కూడా లేదు. వాన పడేలా ఉంది అన్నట్టు చెప్పారు. “మా తమ్ముడి మనవరాలు శ్రావణి డిగ్రీలో కంప్యూటర్లే సదివింది. శనివారం తీసుకొస్తాను, ఓ పూట సూపించు. సోమవారం నుంచి ఆ పిల్ల కూకుంటాది.”

సుహాసిని తన చేతులు చూసుకుంది. చీటీల రోలు మార్చీ మార్చీ వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి తప్ప వాటిలో నెమ్మదితనం ఏమీ కనపడలేదు. ఒడిశా నుంచి చింతపండు దింపేవాడి దగ్గర్నుంచి విశాఖ పోయే మొక్కజొన్నల వాడి దాకా ఈ రోడ్డు మీద అందరికీ తను కాటా సుహాసిని. పెళ్ళిళ్ళలో కూడా అలాగే పిలుస్తారు. ఈ కుర్చీ పోతే తనని ఏమని పిలుస్తారు? ఏడుపు రాలేదు గానీ వస్తే బాగుండును అనిపించింది.

ఇవాళ మంగళవారం. శనివారానికి నాలుగు రోజులున్నాయి.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఆరున్నరకి కంప్యూటరుకి ఆగిపొమ్మని చెప్పి, సుహాసిని బయటికి వెళ్ళింది. కాటా పలకకి అటూ ఇటూ ఇనప గొలుసులు కట్టి తాళం వెయ్యడం ఆమె పని. గది మూయడం జగన్నాధంగారి పని. పాత గది ఒక రాత్రి షార్ట్ సర్క్యూట్‌తో కాలిపోయినప్పటి నుంచీ ఆయన ఎవర్నీ నమ్మరు. స్విచ్చులు ఆపితే చాలదు. స్వయంగా బోర్డులోంచి తెల్ల పింగాణీ ఫ్యూజు పీకి, కళ్ళకద్దుకుని, చొక్కా జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోతారు. పొద్దున్న సుహాసిని వాళ్ళ గడప దగ్గర అడిగి తెచ్చి పెట్టుకోవాలి. కరెంటు పోతే కాసేపు కంప్యూటరుని నిలబెట్టే బ్యాటరీ పెట్టె ఒకటి ఉండేది. అది చచ్చిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు దాని మీద చీటీల కట్టలు పెడుతున్నారు.

ఆమె రెండో గొలుసు తాళం వేసి తిరిగొచ్చేసరికి గదిలో చీకటి. ఆయన జేబు తడుముకుంటూ గుమ్మం దిగుతున్నారు.

“బేగి రా రేపు” అన్నారు.

బేగి అంటే బేగే. బుధవారం ఐదింటికే వచ్చింది. తెల్లారకుండా గేటు కొడితే జగన్నాధంగారి భార్య కూర్మమ్మ కళ్ళు నులుముకుంటూ ఫ్యూజు తెచ్చిచ్చింది. గంట ముందు మొదలుపెడితే ఆరింటికి తెరుచుకోవాలి కదా! తెరుచుకోలేదు. ఆ రోజు ముప్పై దాకా రావడానికే ముప్పావుగంట పట్టింది. అక్కడి నుంచి ఘాటీ ఎక్కలేని లారీలాగా వెనక్కి జారింది. తెరని ఫోన్లో ఫోటో తీసి త్రినాథ్‌కి పంపింది. అతను ఎనిమిదింటికి మాట రికార్డు చేసి పంపాడు. “అదేటి కాదక్కా, అప్‌డేట్ అవుతన్నాది అంతే. వెయిట్ చెయ్యి. కంగారు పడకు.” త్రినాథ్ మాటలు వింటే ఎవరికైనా ధైర్యం వస్తుంది, కంప్యూటరుకి తప్ప.

వెయిట్ చెయ్యకుండా ఏం చేస్తోంది తను! పొద్దున్నే పెళ్ళికూతురి ముందు కూర్చున్నట్టు కూర్చుంటోంది కదా దాని ముందు.

మధ్యాహ్నం లారీలు పలచబడ్డాక కంప్యూటరు పెట్టె మూత విప్పి, చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పాత టూత్ బ్రష్షుతో దుమ్మంతా దులిపింది. లారీల రోడ్డు దుమ్ము, దోసెడు వచ్చింది. అదే కారణం అయి ఉంటుందని సంబరపడింది. గురువారం పొద్దున్న సంబరం తీరిపోయింది.

“కొత్తది ఎక్కించినప్పుడు నిమ్మకాయ పెట్టినారేటి?” అని అడిగాడు ఎర్రన్న, కిటికీ దగ్గర బీడీ ఆర్పుకుంటూ. పలక మీద అతని లారీ అరగంట నుంచి ఉంది. పాపం అతను మాత్రం పోలేదు.

“కంప్యూటరుకి నిమ్మకాయేటి అన్నా?”

“ఏటేటి? కొత్త బండి తెస్తే సక్రాల కింద పెట్టమా? కొత్త ఇంజను యేస్తే పెట్టమా? ఇదీ అలాగే కదా. మనం పెట్టనేదు, దానికి దిష్టి తగిలింది.”

ఇంటర్ చదివిన మనిషి సుహాసిని, నవ్వాలి. నవ్వలేదు. ఎవరో ఒకరు కారణం అంటూ చెప్పారు, అదే పదివేలు. ఎర్రన్న లారీ క్యాబిన్లోంచి నిమ్మకాయ తెచ్చిచ్చాడు. అమ్మవారి పటం ముందు పెట్టి, బల్ల కోడు పక్కన ఉంచి, మడమతో తొక్కి చితక్కొట్టింది. పుల్లటి వాసన గదంతా పట్టింది. శుక్రవారం పొద్దున్న ఆ వాసనలోనే కూర్చుని ముప్పై దాకా లెక్కపెట్టింది. ఆగింది. వెనక్కి జారింది. ఆపవద్దు అంది.

ఇక ఆమెకి తన మీద తనకే అనుమానం వచ్చింది. నిజంగానే చేతులు నెమ్మదించాయేమో? మీట నొక్కడంలో ఏమైనా తేడా ఉందేమో? చూపుడు వేలితో నొక్కుతోందా, బొటనవేలితోనా? పదకొండేళ్ళు ఏ వేలితో నొక్కిందో గుర్తుకి రాలేదు. అంత చిన్న సంగతి గుర్తు లేకపోవడం చూసి భయం వేసింది.

శుక్రవారం బొబ్బిలిలో చుట్టాల పెళ్ళి. నాలుగింటికి జగన్నాధంగారు పట్టుపంచె కట్టుకుని కిటికీ దగ్గరికొచ్చారు.

“మేం రేపు తెల్లారగట్ల వచ్చెస్తాం. పీజు నువ్వే పీకు ఇవాళ. మరిసిపోయేవు సుమీ! పీకి సంచీలో యేసుకో.”

“అలగే బాబుగారూ.”

ఆరున్నరకి కంప్యూటరుకి ఆగిపొమ్మని చెప్పి, బయటికి వెళ్ళి రెండు గొలుసులూ వేసి వచ్చింది. బోర్డు ఎత్తుగా ఉంటుంది, ఆమె పొట్టి. చెక్క స్టూలు లాక్కుని ఎక్కింది. ఫ్యూజు మీద చెయ్యి వెయ్యబోతూ, షాకు కొడుతుందేమో అని ఒక్క క్షణం తటపటాయించి, అలవాటు లేని ఎత్తు నుంచి గది అంతా ఓసారి చూసింది. తెర ఇంకా వెలుగుతోంది. నీలంగా. పదకొండు అని అంకె. కింద అదే వరస, కంప్యూటరు ఆపవద్దు.

స్టూలు మీదే నిలబడిపోయింది.

రోజూ పొద్దున్న కదా ఈ మాట అనేది? సాయంత్రం కూడా అంటుందా? అంటే ఎవరితో అంటుంది? ఈ వేళకి తను బయట గొలుసుల దగ్గర ఉంటుంది. గదిలో ఉండేది జగన్నాధంగారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. వచ్చినా తెరకేసి చూడరు, ఆయన చూపంతా బోర్డు మీదే. పాత సిస్టం అయితే నిమిషంలో ఆరిపోయేది, ఆయన వచ్చేసరికి ఆరిపోయే ఉండేది. ఇది ఆరడం లేదు. ఇది రాత్రి పని పెట్టుకుంటోంది. సగం పనిలో ఉండగా ఆయన…

నెమ్మదిగా స్టూలు దిగింది. కుర్చీ లాక్కుని తెర ఎదురుగా కూర్చుంది.

పదిహేడు. ఇరవై రెండు. రామభద్రపురం బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. భర్త భాస్కర్ ఫోన్ చేశాడు, ఎక్కడున్నావని. “మిషనీ నిద్రపోనేదు. పడుకోబెట్టి ఆటోలో వస్తాను, నువ్వు అన్నం వొండీసుకో” అంది. అతనేదో అడుగుతుండగానే పెట్టేసింది. తెర మీద ఇరవై తొమ్మిది. ముప్పై. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

ముప్పై ఒకటి.

“అమ్మ దొంగముండా!” అని పైకే అరిచింది. వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఇంకోసారి కూడా అరిచింది.

గంటంపావు పట్టింది. అంకె నూరు చేరి, తెర దానంతటదే ఒకసారి ఆరి, మళ్ళీ వెలిగి, చివరికి పూర్తిగా ఆరిపోయింది. పెట్టెలో ఫ్యాను చప్పుడు కూడా నిలిచిపోయింది. అప్పుడు స్టూలెక్కి ఫ్యూజు పీకింది. వెచ్చగా ఉంది.

శనివారం పొద్దున్న ఆరింటికి జగన్నాధంగారు శ్రావణిని వెంటబెట్టుకుని వచ్చారు. ఇరవై రెండేళ్ళ పిల్ల, బెదురు కళ్ళు, చేతిలో కొత్త నోటు పుస్తకం. సుహాసిని సంచీలోంచి ఫ్యూజు తీసి ఇచ్చింది, ఆయన బోర్డులో పెట్టారు.

“మంచి గడియ. నువ్వే నొక్కమ్మా” అన్నారు మనవరాలితో.

శ్రావణి నొక్కింది. సుహాసిని అగరొత్తి వెలిగించి వెనక్కి తిరిగేసరికి తెర తయారుగా ఉంది. పలక మీద ఎర్రన్న లారీ. నంబరు కొట్టారు. చీటీ అచ్చయింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

“సూసినావా!” జగన్నాధంగారు కిటికీలోంచి ఎర్రన్నకి వినబడేలా అన్నారు. “సెయ్యి పడీసరికి ఎలాగ తెరుసుకుందో! నాననేదా, కూకున్నోళ్ళని బట్టేనని!”

సుహాసినికి ఒళ్ళు మండింది. “సెయ్యి కాదు బాబుగారూ. నిన్న రాత్రి దాని పని అది పూర్తి సేసుకున్నాది, నాను ఆగినాను. మీరు రోజూ సగంలో పీజు పీకెస్తన్నారు. అందుకే పొద్దున్న మొదటికొస్తన్నాది. అది ఆరీ దాకా…”

“నాను పీకడం వల్లనా?” ఆయన రోడ్డు మీద నెమ్మదిస్తున్న రెండు లారీలకేసి చూస్తూ, రమ్మని చెయ్యి ఊపారు. “పదకొండేళ్ళయి పీకుతన్నాను. అప్పుడు నేని జబ్బు ఇప్పుడెలాగొస్తాది? పోనీలే, పొద్దున్నే ఈ మాటలొద్దు. అమ్మాయికి పని సూపించు.”

చూపించింది. ఏం చేస్తుంది? ఖాళీ బరువు ఎక్కడ కొట్టాలో, డ్రైవర్లు పలక మీద నిలబడి ఉండగా బరువు ఎందుకు తియ్యకూడదో, రోలు చిక్కుకుంటే ఎటు తిప్పాలో అన్నీ చెప్పింది. శ్రావణి ప్రతి మాటా నోటు పుస్తకంలో రాసుకుంది. మంచి పిల్లే. అందుకు ఇంకా బాధేసింది. మధ్యాహ్నం తెర మూల ఇంకో చిన్న మాట వచ్చింది, మిగిలిన ముక్కేదో ఉందని, ఆపేటప్పుడు పూర్తి చేస్తానని. సుహాసిని చదివింది. శ్రావణి కూడా చదివింది.

ఆరున్నరకి శ్రావణి కంప్యూటరుకి ఆగిపొమ్మని చెప్పింది. ఎర్రన్న మిల్లులో లోడు దించేసి వచ్చి, అంతకుముందే ఖాళీ బరువు తూయించుకుని, చీటీ మడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జగన్నాధంగారు బోర్డు దగ్గరికి నడుస్తున్నారు. సుహాసిని ఆయన పక్కనుంచే బయటికి వచ్చి, గొలుసుల దగ్గరికి వెళ్ళింది.

పీకనీ అనుకుంది. పీకనీ. రేపు ఆదివారం, కాటాకి సెలవు. సోమవారం ఆరింటికి ఎర్రన్న పలకెక్కుతాడు, తెర ముప్పై దగ్గర ఆగుతుంది, కుర్చీలో శ్రావణి ఉంటుంది. అప్పుడు తెలుస్తుంది ఎవరి చేతులు నెమ్మదించాయో. తను ఇంట్లో కూర్చుని కబురు కోసం చూస్తే చాలు. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు. వారం తర్వాత మొదటిసారి ఆమె గుండె తేలికపడింది. గొలుసు కొక్కెంలో వేసి, తాళం చెవి తీరిగ్గా తిప్పింది.

“తాతా, ఆగు! పీకకు!”

శ్రావణి గొంతు. సుహాసిని తాళం అక్కడే వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. జగన్నాధంగారి చెయ్యి ఫ్యూజు మీదుంది.

“ఇంకా అవుతన్నాది తాతా. ఇప్పుడు కరెంటు తీస్తే సగంలో ఆగిపోద్ది. పొద్దున్న మళ్ళీ మొదటికొస్తాది.”

ఆయన చప్పున చెయ్యి తీసేశారు. “అలగా!” అని తెరకేసి చూశారు, బహుశా మొదటిసారి. ముఖం విప్పారింది. “సూసినావురా ఎర్రన్నా? ఇన్నాళ్ళయి ఎవులికీ అంతు సిక్కనేదు, ఒక్క పూటలో కనిపెట్టీసింది! సదువంటే అదీ!”

శ్రావణి ఆయనకేసీ, సుహాసినికేసీ మార్చి మార్చి చూసింది. ఆ పిల్లకి ఏమీ అర్థం కావడం లేదని ముఖమే చెబుతోంది.

“నాను కనిపెట్టడమేటి తాతా? పొద్దున్న అక్క సెప్పింది కదా. నువ్వు ఇక్కడే ఉన్నావు.”

సుహాసినికి సిగ్గేసింది. ఇందాక గొలుసు దగ్గర తను ఏమనుకుందో ఈ పిల్లకి తెలియదు. తెలిస్తే ఆ మాట అనేదా? అనేదే అనిపించింది, దాంతో సిగ్గు ఇంకా ఎక్కువైంది.

జగన్నాధంగారు తిరిగారు. “నువ్వు సెప్పింది ఇదేనేటి?”

“ఇదే బాబుగారూ.”

“మరి నాకెందుకు బోధపడనేదు?”

దెప్పడానికి అడగలేదు. నిజంగానే అడుగుతున్నారు. కొత్త ఊళ్ళో బస్సు దిగి ఎటు నడవాలో తెలియని మనిషిలా ఉన్నారు.

“మీరు ఇననేదు. నాను సెప్తన్నంతసేపూ లారీలకేసి సూస్తన్నారు” అంది సుహాసిని.

ఎర్రన్న దగ్గి, చీటీ జేబులో పెట్టుకుని, లారీ దగ్గరికి పోయాడు. గదిలో ముగ్గురే మిగిలారు. తెర మీద అరవై నాలుగు. జగన్నాధంగారు చీటీల కట్టలున్న బ్యాటరీ పెట్టె మీదికి ఒరిగి నిలబడ్డారు.

“సోమవారం నుంచి పిల్లని కూకోబెడతానని మా తమ్ముడికి మాటిచ్చీసినాను…”

“కూకోబెట్టండి.” తన గొంతు ఇంత నిబ్బరంగా వస్తుందని సుహాసినికే తెలియదు. “పదకొండేళ్ళయి నాను మద్దినేళ అన్నం కూడా ఈ కుర్సీలోనే తింటన్నాను, ఓ చెయ్యి మీటల మీద పెట్టుకుని. మద్దినేళ రెండు గంటలు శ్రావణి కూకుంటాది. మిగతాదంతా నాను కూకుంటాను. పొద్దున్న ఆరింటికి వస్తాను బాబుగారూ. ఐదింటికి రాను.”

శ్రావణి నోటు పుస్తకం మూసి గుండెకి ఆనించుకుని నిలబడింది. ముగ్గురూ తెరకేసే చూస్తున్నారు. ఎనభై. తొంభై ఒకటి. నూరు. తెర నల్లబడింది.

జగన్నాధంగారి చెయ్యి అలవాటుగా బోర్డు మీదికి లేచింది. ఫ్యూజు అందుకోబోయి ఆగింది.

“పీకనా?” అన్నారు. శ్రావణిని అడగలేదు. సుహాసినికేసి చూసి అడిగారు.

ఆమె వంగి కంప్యూటరు పెట్టెకి చెవి పెట్టింది. లోపల ఫ్యాను ఇంకా తిరుగుతోంది.

“ఉండండి” అంది.

ఆయన చెయ్యి పైకెత్తి అలాగే ఉన్నారు.